ఐసు పాట

బోర్గోవెల్లా నాటకశాలలో రెండో అంకం సగానికి వచ్చేసరికి జనానికి ఐసు గుర్తొస్తుంది. దీనికి వాతావరణంతో పనిలేదు. బయట మంచు కురిసి గుర్రాల ముక్కులు గడ్డకడుతున్నా సరే, రాణి గారిని చెరసాలలో తోసి, ఆవిడ చెలికత్తె ఒంటరిగా వేదిక మీదికి వచ్చి గొంతు సవరించుకోగానే ఊరు ఊరంతా లేచి వసారాలోకి నడుస్తుంది. అక్కడ అనాక్లేతో అనే ఐసులవాడు నిమ్మ ఐసు, నారింజ ఐసు, బాదం ఐసు గ్లాసుల్లో నింపుకుని సిద్ధంగా ఉంటాడు. లోపల చెలికత్తె పాడుతుంది, బయట ఊరు తింటుంది. అందుకే దాన్ని ఐసు పాట అంటారు. ఇది ఒక్క బోర్గోవెల్లా ఆచారమే కాదు, ఇటలీలో పో అనే నదికి అటూ ఇటూ ఉన్న ఊళ్ళన్నిటిదీ ఇదే వరస. ఐసు పాట లేని ఒపేరా ఉప్పు లేని పప్పు లాంటిదని అక్కడివాళ్ళ నమ్మకం. ఆ పాట ఎలా ఉంటుందని మాత్రం అడక్కండి. ఎవరికీ తెలియదు.

ఎర్సీలియా బ్రగంతి పదేళ్ళ పైబడి ఐసు పాటలే పాడుతోంది. గొంతు బాగుండకపోతే పోనీలే అనుకోవచ్చు. బాగుంది, అదే ఆమెకి పట్టిన శని. ముక్కు కొంచెం పొడుగు, నడుము కొంచెం వెడల్పు, సిఫార్సు బొత్తిగా లేదు. అలాంటివాళ్ళని నాటక కంపెనీల్లో రెండో గాయని అంటారు. రెండో గాయని పని రాణి గారికి ఉత్తరం అందించడం, రాణి గారు మూర్ఛపోతే పట్టుకోవడం, మధ్యలో ఒక పాట పాడి జనాన్ని బయటికి పంపడం. ఊళ్ళో పెద్దమనుషులు ఎదురుపడితే ఎర్సీలియా గుర్తుపట్టలేదు గానీ, వెనక్కి తిరిగితే మాత్రం ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలవగలదు. ఆమె చూసినవన్నీ వీపులే.

వాళ్ళమ్మ పాల్మీరా కూడా పాట మొదలవగానే లేచి వెళ్ళి నిమ్మ ఐసు తినేది. ఎర్సీలియా ఒకసారి నోరు విడిచి అడిగింది.

"నువ్వైనా కూర్చోవచ్చు గదమ్మా."

"ఇంట్లో పొద్దస్తమానం వింటూనే ఉన్నా గదే. అక్కడ కూడానా?" అంది పాల్మీరా. "అయినా నేనొక్కదాన్నే కూర్చుంటే జనం ఏమనుకుంటారు? వాళ్ళమ్మ గనక కూర్చుంది అనుకోరూ? నీ పరువు కోసమే లేస్తున్నాను."

ఎర్సీలియాకి పెద్ద గాయని కావాలన్న ఆశ ఎప్పుడో ఆరిపోయింది. వజ్రాలు, గుర్రబ్బండి, ప్రేమలేఖలు, వీటన్నిటికీ ఆమె ఎప్పుడో నీళ్ళు వదిలేసుకుంది. ఒక్కటి మాత్రం వదలలేకపోయింది. ఒక్క సాయంత్రం జనం కుర్చీల్లో కూర్చుని ఉండగా ఒక పాట మొదలు నుంచి చివరిదాకా పాడాలి. బాగుందంటారో, చీకొడతారో తర్వాత సంగతి. ముందు కూర్చోవాలి.

ఆ ఏడు కార్నివాల్ పండగ రోజుల ఆటకి, రాణి వేషం కట్టే పెద్ద గాయనిగా వియొలాంతే గరాత్తి వచ్చింది. ఆవిడతోపాటు ఒక వంటమనిషి, రెండు చిలకలు, ఒక తోలుపెట్టె వచ్చాయి. ఆ తోలుపెట్టెలో పడవ పాట ఉంటుంది. ఆ రోజుల్లో పేరున్న ప్రతి గాయనికీ ఇలా పెట్టెలో ఒక సొంత పాట ఉండేది. ఏ ఊరు వెళ్ళినా, ఏ కథ ఆడుతున్నా, దాన్ని అందులో దూర్చి పాడాల్సిందే. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళడం అంటే అదే గానీ, ఆ పిల్లి కోసమే పెళ్ళికొచ్చే జనం ఉన్నప్పుడు కాదనేదెవరు? వియొలాంతే రోము చక్రవర్తి కూతురి వేషం కట్టినా, స్కాట్లండు కొండల్లో గొర్రెలు కాచే పిల్ల వేషం కట్టినా, మూడో అంకంలో పడవ ఎక్కేది. కిందటేడు ఎడారిలో దారి తప్పిన ఒక సుల్తాను భార్య కూడా పడవే ఎక్కింది. చూసినవాళ్ళు ఏడ్చారు తప్ప ఎడారిలో పడవేమిటని ఒక్కరూ అడగలేదు.

ఇక పాట సంగతి. ఇటలీలో సొప్రానో అని చెప్పుకునే ప్రతి ఆడమనిషీ, అంటే గొంతు అందరికన్నా పైన పలికే ప్రతి ఆడమనిషీ, ఆ పడవ పాటని తలుపులు వేసుకుని పాడుకుంటుంది. అది వియొలాంతే సొత్తు గనక బయట పాడితే మర్యాద కాదు. తలుపులు వేసుకుంటే మర్యాద ఎవరు చూడొచ్చారు? ఎర్సీలియా బట్టలు ఉతుకుతూ పాడుకునేది. పాట కింద ఎక్కడో మాట్లాడుకుంటున్నట్టు మొదలవుతుంది. తర్వాత ఊపిరి తీసుకునే సందు ఇవ్వకుండా మెల్లగా పైకి తీసుకుపోతుంది. ఇంక చాలు, ఇక్కడితో నా వల్ల కాదు అని గొంతు అనుకునే చోట వాద్యాలన్నీ ఆగిపోతాయి. అక్కడ ఇంకొక్క మెట్టు ఉంటుంది. దాని మీద ఒక్కతే నిలబడాలి. ఆ మెట్టెక్కిన గాయని ఆ ఒక్క క్షణం ఏ రాణి కన్నా తక్కువ కాదు, ఎదురుగా సబ్బునీళ్ళ తొట్టి ఉన్నా సరే. చాలా పాటల్ని గొంతు మోయాలి. ఆ పాట గొంతుని మోసేది.

రిహార్సలు మొదటిరోజు వియొలాంతే మూడో అంకం దగ్గర ఆగి, చేతి విసనకర్ర మూసింది.

"ఈసారి నా పడవ పాట వద్దు. ఆ చెలికత్తెకి ఒక చిన్న పాట ఉంది చూడండీ, అది నాకు నచ్చింది. మూడో అంకంలో నాకు పెట్టండి."

ఇదివరకు రెండు మూడేళ్ళు ఆడిన ఆ ఆటకి సంగీతం కట్టిన ఫుల్జెన్సియో మాస్టారికి అప్పటికి పంటినొప్పి. దవడ చుట్టూ గుడ్డ కట్టుకుని ఉన్నాడు. "ఏదీ, ఆ ఐసు పాటా?" అన్నాడు నమ్మలేక.

"నేను పాడితే అది ఐసు పాట ఎట్లా అవుతుంది మాస్టారూ?"

పెద్ద గాయనికి నచ్చిన పాట పెద్ద గాయనిదే. ఎర్సీలియా ఒక మూల ఉత్తరం పట్టుకుని నిలబడి ఉంది. ఉన్న ఒక్క పాటా పోయింది. పొయ్యి మీద కుండ ఎవరో దించుకుపోతుంటే చూస్తున్నట్టు చూసింది.

అడ్డు తగిలినవాడు నాటక కాంట్రాక్టరు గాస్పరే. ఆయనకి ఎర్సీలియా మీద జాలి కాదు. "మరి రెండో అంకంలో ఈ అమ్మాయి ఏం పాడాలి? ఎవరో ఒకరు ఏదో ఒకటి పాడకపోతే ఎప్పుడు లేవాలో జనానికి ఎట్లా తెలుస్తుందండీ? మాస్టారూ, ఇంకోటి కట్టండి."

"కొత్త పాట కావాలంటే ముందు నాకు కొత్త పన్ను కట్టించు" అన్నాడు మాస్టారు.

వియొలాంతే విసనకర్ర తెరిచింది. "నా పడవ పాట పాడమనండి. అక్కడ పాడితే ఎవరు వింటారు గనక" అంది. అంటూ ఎర్సీలియా వైపు చూడలేదు, కిటికీ వైపు చూసింది.

ఎర్సీలియాకి, పట్టుకున్న ఉత్తరం కింద పడితే వంగి తీసుకోవాలన్న సంగతి కూడా తోచలేదు.

ఇంటికెళ్ళి చెప్తే పాల్మీరా బుగ్గలు నొక్కుకుంది. "దానం చేసే మొహమేనే అది? చిలకలకి గింజలు లెక్కపెట్టి వేసే మనిషి! ఇందులో ఏదో మతలబు ఉంది."

"ఏదైనా ఉండనీ అమ్మా. పడవ పాట అది. పడవ పాట వింటూ ఎవరైనా లేచి వెళ్తారా?"

"నేనైతే లేవను" అంది పాల్మీరా. తర్వాత కొంచెం ఆలోచించి, "చెప్పలేను" అంది.

మొదటి ఆట రోజు ఎర్సీలియా పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. రెండో అంకంలో రాణి గారిని చెరసాలలో తోశారు. పిల్లనగ్రోవి పడవ పాట ఎత్తుకుంది. ఎర్సీలియా ముందుకొచ్చింది. కుర్చీలు కిర్రుమన్నాయి. పెద్దమనుషులు కూర్చునే బాక్సుల్లో తలుపులు తెరుచుకున్నాయి. ముందు వరసలో ఒక ముసలాయన మాత్రం లేవబోయి ఆగాడు.

"ఇది పెద్దావిడ పాట కదూ?"

"పెద్దావిడ ఏదీ? చెలికత్తె గదా పాడుతోంది" అంది ఆయన భార్య. "రండి, బాదం అయిపోతుంది."

ఆయన కూడా వెళ్ళాడు. ఎర్సీలియా పాడింది. పాడకుండా ఏం చేస్తుంది? కింది నుంచి మొదలుపెట్టి, ఊపిరి దాచుకుంటూ, పైకి, ఇంకా పైకి వెళ్ళింది. వాద్యాలు ఆగిపోయాయి. ఆఖరి మెట్టు మీద స్వరం పట్టి నిలబెట్టింది. సబ్బునీళ్ళ తొట్టి ముందు కూడా ఎప్పుడూ అంత శుభ్రంగా పలకలేదు. ఆ స్వరం ఆగగానే వసారాలోంచి ఎవరిదో గొంతు స్పష్టంగా వినిపించింది.

"నిమ్మది ఇంకోటి!"

మూడో అంకంలో వియొలాంతే ఎర్సీలియా చిన్న పాట పాడింది. అందులో పెద్ద ఎత్తులేమీ లేవు, ఎవరి గొంతుకైనా అందుతుంది. ఊళ్ళో ఆడవాళ్ళు రుమాళ్ళు తడుపుకున్నారు. మగవాళ్ళు రుమాళ్ళు లేక చొక్కా చేతులకి కళ్ళు తుడుచుకున్నారు. పాట మధ్యలో నోటరీ బొన్ఫీలియో గారికి దగ్గు తెర వచ్చింది. ఆపుకోలేక లేచి బయటికి నడిచాడు. పెద్ద గాయని వేదిక మీద ఉండగా లేవడం! పై అంతస్తు నుంచి ఒక నారింజ తొక్క వచ్చి ఆయన టోపీ మీద పడింది. మర్నాడు రొట్టెలవాడు కూడా ఆయన్ని పలకరించలేదు. ఆ ఊళ్ళో చర్చిలో ప్రార్థన మధ్యలో లేచినవాణ్ణి క్షమిస్తారు గానీ దీన్ని క్షమించరు. ఆట వదిలాక మెట్ల మీద అందరిదీ ఒకటే మాట, ఇంత మంచి పాట ఇన్నాళ్ళూ ఎక్కడుంది అని. ఇన్నాళ్ళూ అక్కడే ఉంది. వాళ్ళే లేరు.

ఆ వారమంతా అదే తంతు. కాంట్రాక్టరు గాస్పరేకి మాత్రం రొట్టె విరిగి నేతిలో పడింది. పాత ఐసు పాట చిన్నది, ఒక గ్లాసు తినేసరికి అయిపోయేది. పడవ పాట దానికి రెండింతలు. జనం నిదానంగా ఒకటి తిని, కబుర్లు చెప్పుకుని, రెండోది కూడా తిని వస్తున్నారు. వసారాలో ఐసు అమ్ముకునే హక్కు అనాక్లేతోకి వాటా మీద ఇచ్చింది గాస్పరేనే గనక ఇద్దరి మొహాలూ వెలిగిపోతున్నాయి. అనాక్లేతో ఎర్సీలియా ఎదురుపడితే చెయ్యి ముద్దుపెట్టుకుని, "ఏం పాట తల్లీ, ఏం పాట! ఒక్క ముక్క వినలేదనుకో, అయినా ఏం పాట!" అన్నాడు.

ఎర్సీలియా ధైర్యం చేసి గాస్పరే గదికి వెళ్ళింది.

"గాస్పరే గారూ, ఒక్క సాయంత్రం నా పాట ఇంకో చోట పెట్టండి. మొదటి అంకంలో పెట్టినా సరే. లేకపోతే ఆ ఒక్క రోజుకీ ఐసు అమ్మడం పాట అయ్యాక పెట్టుకోమనండి."

గాస్పరే చాలా ప్రేమగా విన్నాడు. చెడ్డవాడు కాదు, వ్యాపారస్థుడు అంతే.

"చూడమ్మా, జనం ఐసు తినడానికి నిన్ను పెట్టుకున్నాను. నువ్వు పాడ్డానికి ఐసు ఆపమంటే ఎట్లా? గంట కొట్టేవాడు నా గంట మోగుతుంటే ఎవరూ నడవకండి అన్నట్టుంది. బెంగపెట్టుకోకు. నీ పని మాకందరికీ చాలా నచ్చింది. వచ్చే ఏడు కూడా నువ్వే. పొడుగు పాటలే ఇప్పిస్తాను."

ఎర్సీలియా వాకిలి దాటాక ఏడ్చింది. కోపంతో ఏడ్చింది. ఇన్నాళ్ళూ ఆమె మనసులో ఒక ఓదార్పు ఉండేది, పాటలు చెత్తవి గనక వినడం లేదు, మంచి పాట దొరికితే వింటారు అని. ఇప్పుడు అదీ పోయింది. పడవ పాటని మించింది ఇటలీలో లేదు. అది పాడినా వినలేదంటే వాళ్ళు ఎప్పుడూ పాటని వినలేదన్నమాట. ఎవరు పాడుతున్నారో చూసి, కూర్చోవాలో లేవాలో తేల్చుకుంటున్నారు.

ఇంతలో ఆమె ఇంకొకటి గమనించింది. రోజూ ఆమె పాడుతున్నంతసేపూ తెర పక్కన చీకట్లో వియొలాంతే నిలబడి ఉంటోంది. పెద్ద గాయనులు ఆ సమయంలో కాళ్ళు చాపుకుని కోడిపులుసు తాగుతారు. ఈవిడ మాత్రం గుమ్మంలో అప్పులవాడిలా కదలకుండా నిలబడుతోంది. తప్పులు ఏరుతోందని ఎర్సీలియాకి ఒళ్ళు మండింది. ఒకరోజు ఆట మొదలవకముందే తిన్నగా ఆవిడ గదికి వెళ్ళి తలుపు తోసింది.

"సిన్యోరా, నా పాటలో తప్పుంటే మొహం మీదే చెప్పండి. దొంగచాటుగా వినడం దేనికి?"

వియొలాంతే అద్దంలోంచే చూసింది. చాలాసేపు చిలకలే మాట్లాడాయి.

"ఆ చివరి మెట్టు ముందు ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నావు పిల్లా?"

ఎర్సీలియా వేళాకోళం అనుకుంది. ఆ పాటని ఆవిడ కన్నా ఎక్కువసార్లు పాడినవాళ్ళు భూమ్మీద లేరు. కానీ అద్దంలో ఆ మొహం వేళాకోళం మొహం కాదు. ఆకలేసిన మనిషి వంటింట్లోకి చూస్తున్నట్టుంది. అప్పుడు అర్థమైంది, చిన్న పాట ఎందుకు నచ్చిందో, పెద్ద పాట ఎందుకు వద్దో.

"మీకు ఆ పై స్వరం..."

"రాదు" అంది వియొలాంతే. "ఇదివరకు దానంతటదే వచ్చేది. తర్వాత బతిమాలితే వచ్చేది. కిందటి ద్రాక్షకోతల నుంచి బతిమాలినా రావట్లేదు. వైద్యుడు పుక్కిలించమని ఏదో కషాయం ఇచ్చాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, దాని కింది స్వరం కూడా బీటలిచ్చింది. ఇంకేమైనా తెలుసుకోవాలా?"

ఈ మాట ఇంటికెళ్ళి అమ్మ చెవిలో వేస్తే తెల్లారేసరికి ఊరంతా పాకుతుంది. పెద్ద గాయని కుర్చీ ఖాళీ అవుతుంది. ఖాళీ అయితే ఎవరో ఒకరు కూర్చోవాలి గదా. ఇదంతా ఎర్సీలియాకి ఆ క్షణంలోనే తోచింది, తోచలేదంటే అబద్ధం. కానీ ఆ మెట్టు మీద నిలబడడం ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు. అక్కడికి ఇంక వెళ్ళలేని మనిషిని చూస్తుంటే, పదేళ్ళుగా దాచుకున్న అసూయ కూడా పనికిరాకుండా పోయింది.

"మూడో వరసలో, 'తీరం' అన్న మాట ముందు" అంది. "అక్కడ సగం ఊపిరి దొంగిలిస్తాను. మాట కొంచెం ముందే వదిలేస్తే ఎవరికీ తెలియదు."

వియొలాంతే పెదాలతో ఆ మాట అనుకుని చూసింది. "అక్కడా? నాకు ఒక్కనాడూ తట్టలేదు" అంది. తర్వాత గొంతు మార్చి, "ఎవరికైనా చెప్తావా?" అంది.

"నా మాట ఎవరు వింటారు సిన్యోరా? నేను నోరు తెరిస్తే ఊరంతా బయటికి పోతుంది."

వియొలాంతే నవ్వలేదు. నవ్వు రాబోతే అదిమిపెట్టింది. "ఆఖరి ఆట అయ్యాక పాట నా పెట్టెలోకి వచ్చేస్తుంది" అంది. "నేను పాడను, ఇంకెవరినీ పాడనివ్వను. నాతోపాటే పోతుంది. వెళ్ళు, ఉత్తరం పట్టుకుని రా. ఆట మొదలెడతారు."

కార్నివాల్ ఆఖరి రోజు నాటకశాల కిక్కిరిసిపోయింది. మర్నాటి నుంచి ఉపవాసాలు గనక జనం ఒంటెల్లా ముందే నింపుకుంటున్నారు. అనాక్లేతో రోజుకన్నా రెండింతల గ్లాసులు పేర్చుకున్నాడు. రాణి గారిని చెరసాలలో తోశారు. గొలుసుల చప్పుడు అయ్యింది, తలుపు మూసుకుంది. పిల్లనగ్రోవి ఎత్తుకుంది. ఎర్సీలియా ముందుకు నడిచింది. ఇదే ఆఖరుసారి, తర్వాత ఈ పాట ఇంక బట్టల తొట్టి దగ్గరే అనుకుంది. కుర్చీలు కిర్రుమన్నాయి. ముందు వరస లేచింది. బాక్సుల్లో తలుపులు తెరుచుకున్నాయి.

అప్పుడు చెరసాల తలుపు మళ్ళీ తెరుచుకుంది.

వియొలాంతే బయటికి వచ్చింది. కథ ప్రకారం ఆవిడ అప్పుడు కొండ కింద, ఇనుప తలుపు వెనక, చావుకి సిద్ధంగా ఉండాలి. ఆ రాణి గారు తాపీగా నడిచొచ్చి, దర్బారు సీనుకని పక్కన పెట్టిన సింహాసనాన్ని తనే లాక్కుని, వేదిక ముందు అంచున వేసుకుని కూర్చుంది. జనానికి వీపు పెట్టి, ఎర్సీలియా వైపు తిరిగి కూర్చుంది. మాస్టారి చేతిలో కర్ర గాల్లోనే ఆగిపోయింది.

లేచినవాళ్ళు లేచినట్టే ఉండిపోయారు. పెద్ద గాయని వేదిక మీద ఉంది. పాడుతోందా లేదా అన్నది వేరే సంగతి, ఉంది. నోటరీ బొన్ఫీలియో గారు అందరికన్నా ముందు కూర్చున్నాడు. ఆయన వెనక వరస కూర్చుంది. దాని వెనకది కూర్చుంది. గుమ్మం దాకా వెళ్ళినవాళ్ళు మునివేళ్ళ మీద వెనక్కి వచ్చారు. ఎర్సీలియాకి వీపులన్నీ తిరిగి మొహాలయ్యాయి. అవి ఎవరివో ఒక్కటీ తెలియలేదు.

ఇన్నేళ్ళూ ఏది కోరుకుందో అది ఎదురుగా కూర్చుని ఉంటే ఆమె పాట ఎత్తుకోవడమే మరిచిపోయింది. పాట మొదలవ్వాల్సిన చోటు దాటిపోయింది. పిల్లనగ్రోవివాడు పాపం మళ్ళీ మొదటి నుంచి ఊదాడు.

"వాళ్ళని చూడకు" అంది వియొలాంతే, పెదాలు కదపకుండా. "నన్ను చూడు."

"ఎందుకండీ ఇదంతా?" అంది ఎర్సీలియా, తనూ పెదాలు కదపకుండా.

"నీ కోసం కాదు. నా పాట నిమ్మ ఐసుతో పోతుంటే చూడలేక. పాడు."

ఎర్సీలియా ఆవిణ్ణి చూస్తూ ఎత్తుకుంది. కింది నుంచి, మాట్లాడుకుంటున్నట్టు పాడింది. 'తీరం' ముందు సగం ఊపిరి దొంగిలించినప్పుడు వియొలాంతే రొమ్ము కూడా అదే చోట పైకి లేచింది. ఇద్దరూ కలిసే ఎక్కుతున్నట్టుంది. వాద్యాలు ఆగాయి. ఎర్సీలియా ఆఖరి మెట్టు ఎక్కింది, నిలబడింది. వియొలాంతే నోరు తెరుచుకుని ఉంది, అందులోంచి శబ్దం మాత్రం రాలేదు. ఎదురుగా ఉన్న ఎర్సీలియాకి తప్ప అది ఎవరికీ కనపడలేదు.

పాట అయ్యాక చప్పట్లు వెంటనే రాలేదు. ఐసు పాట తర్వాత చప్పట్లు కొట్టే అలవాటు ఎవరికీ లేదు. తర్వాత పై అంతస్తులో ఒకడు ఏదో అరిచాడు. ఆ తర్వాత నాటకశాల కప్పు లేచిపోయింది. కాళ్ళతో తన్నారు, కర్రలతో బల్లలు బాదారు, వన్స్‌మోర్ కొట్టారు. కిందటేడు ఇదే పాట వియొలాంతే నోట విన్నవాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు. ఆ పై స్వరం అప్పుడెలా పలికిందో, ఇప్పుడెలా పలికిందో పోల్చుకోవడానికి వాళ్ళకి పెద్ద చదువు అక్కర్లేదు. సింహాసనం మీద ఉన్నావిడ ఈసారి ఆ పాట ఎందుకు పాడలేదో ఒక్కొక్కరికే తెలుస్తోంది. అది తెలియకుండా ఉండాలంటే ఆవిడ గదిలో కూర్చుని పులుసు తాగి ఉండాల్సింది. ఈ సంగతి ఆవిడకీ తెలుసు.

వన్స్‌మోర్ పాడాలంటే పెద్ద గాయని ఒప్పుకోవాలి, అది కట్టుబాటు. మాస్టారు దవడ గుడ్డ సర్దుకుంటూ భయంగా వియొలాంతే వైపు చూశాడు. ఆవిడ తల ఊపింది. పిల్లనగ్రోవి మళ్ళీ ఎత్తుకుంది.

వియొలాంతే సింహాసనం మీది నుంచి లేచింది.

"ఎక్కడికి?" అంది ఎర్సీలియా కంగారుగా. "మీరు వెళ్ళిపోతే వీళ్ళు..."

"వెళ్ళాలనుకుంటే వెళ్తారు. నన్ను చూసి కూర్చున్నారో, నిన్ను విని కూర్చున్నారో తేలొద్దూ?" అంది వియొలాంతే. పావడా కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, తొందరేమీ లేకుండా చెరసాల తలుపు తెరుచుకుని లోపలికి వెళ్ళి, తలుపు తనే వేసుకుంది.

వేదిక మీద ఎర్సీలియా ఒక్కతే మిగిలింది. మొదటి మాట పాడింది. జనం వైపు చూడ్డానికి ధైర్యం చాలక కళ్ళు మూసుకుని, కుర్చీల చప్పుడు కోసం చెవులు రిక్కించి, రెండో మాట పాడింది. మూడోదీ పాడింది. చప్పుడు రాలేదు. అప్పుడు కళ్ళు తెరిచి చూసింది. ఎవరూ లేవలేదు.